‘పిల్లిలు’ ఎప్పుడు ‘పిల్లులు’ అవుతాయో మాకు చెప్పండి: హైదరాబాదు భాషా పరిశోధకులకు బహిరంగ లేఖ

ఉస్మానియాలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఇఫ్లూలో భాషాశాస్త్రం చెప్పేవాళ్ళకీ చదివేవాళ్ళకీ, ఈ నగరంలో పిల్లల మాటల మీద పనిచేస్తున్న స్పీచ్ థెరపిస్టులకీ, సైకాలజీ వాళ్ళకీ నమస్కారం.

నేను మెహదీపట్నంలో ఉంటాను, ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తాను. మా బాబుకి మొన్న సంక్రాంతికి నాలుగేళ్ళు నిండాయి. ఇప్పుడు వాడు నోరు మూస్తే చాలు అన్నంతగా మాట్లాడుతున్నాడు. కానీ రెండేళ్ళ కింద మా ఇంట్లో జరిగింది మీ అందరికీ తెలియాలి, ఎందుకంటే అలాంటివి మా ఒక్క ఇంట్లోనే జరగడం లేదు, దాన్ని ఆపగలిగింది కూడా మీరే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వాడికి రెండేళ్ళ రెండు నెలలప్పుడు ప్లే స్కూల్లో వేశాం. మూడు వారాలకే పిలిచి, మీ బాబుకి మాటలు రావట్లేదు, ఎక్కడైనా చూపించండి అన్నారు. చూపించాం. ముందు చెవుల పరీక్ష చేశారు, బాగానే ఉందన్నారు. తర్వాత ఒక మేడమ్ బొమ్మల కార్డులు ముందుపెట్టి ఒక్కొక్కటీ చూపిస్తూ ఇది ఏంటి, అది ఏంటి అని ఇంగ్లీషులో అడిగారు. మంచుతో చేసిన మనిషి, పొగగొట్టం ఉన్న ఇల్లు, స్ట్రాబెర్రీ, చేతికి తొడుక్కునే ఉన్ని తొడుగులు. మావాడు పన్నెండింటికి చెప్పాడు. కాయితం మీద 12 అని వేసి, ఈ వయసుకి యాభై మాటలైనా ఉండాలమ్మా, ఇంట్లో ఇన్ని భాషలు వినబట్టి పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, ఇవాళ్టి నుంచి అందరూ ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి అన్నారు.

మా అత్తమ్మది జనగామ వైపు. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఆ సాయంత్రం నుంచి ఆమె వాడితో మాట్లాడటమే మానేసింది. తినిపిస్తుంది, స్నానం చేయిస్తుంది, ఎత్తుకుంటుంది, కానీ నోరు విప్పదు, తన మాట వల్ల మనవడు చెడిపోతాడేమోనని భయం. కింది వాటాలో ఉండే మా ఓనర్ల అమ్మగారిని వాడు నానీ అని పిలుస్తాడు, ఆమె ఉర్దూ మాట్లాడుతుందని అక్కడికి కూడా పంపడం ఆపేశాం. నేనూ మా ఆయనా మాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో కమ్, ఈట్, స్లీప్ అంటూ పది రోజులు గడిపాం. అవి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నవ్వని పది రోజులు.

పదకొండో రోజు రాత్రి నాకు నిద్రపట్టక, వంటింట్లో గోడ క్యాలెండర్ చింపి దాని వెనక వాడు అనే మాటలు రాయడం మొదలుపెట్టాను. బువ్వ, దా, పో, వద్దు, ఇయ్యి, నీల్లు, పానీ, బస్సు, ఆజా, లైట్, కుక్క, చీచీ, కింద, నాకు, ఇంకా... మర్నాడు మా అత్తమ్మ కొన్ని, మా ఆయన కొన్ని, మెట్ల దగ్గర ఆపి అడిగితే నానీ కొన్ని చెప్పారు. మొత్తం 71. ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. నీళ్ళ కోసం నా దగ్గర ‘నీల్లు’ అంటాడు, కిందికి వెళ్తే ‘పానీ’ అంటాడు. ఒక్కసారి కూడా తారుమారు చేయలేదట. రెండేళ్ళవాడు ఎదురుగా ఎవరున్నారో చూసి భాష ఎంచుకుంటున్నాడు, మేమేమో వాడు కన్‌ఫ్యూజ్ అయ్యాడనుకుంటున్నాం!

ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టాను. దొరికిందల్లా చదివాను, అర్థం కానిది మళ్ళీ చదివాను. అమెరికాలో మయామీ దగ్గర స్పానిష్, ఇంగ్లీషు రెండూ వింటూ పెరుగుతున్న పిల్లల మీద బార్బరా పియర్సన్, ఆమెతో పనిచేసినవాళ్ళు 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక్కో భాషలో విడిగా లెక్కపెడితే ఈ పిల్లల మాటలు తక్కువగా కనబడతాయి, రెండు భాషల్లోవీ కలిపి లెక్కపెడితే ఒకే భాష వినే పిల్లలకి ఏమీ తీసిపోరు. మాంట్రియల్‌లో ఫ్రెడ్ జెనెసీ బృందం 1995లో చూపించింది నేను మా మెట్ల దగ్గర చూసిందే: ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ ఉన్న ఇళ్ళలో పిల్లలు రెండేళ్ళ వయసుకే అమ్మతో అమ్మ భాష, నాన్నతో నాన్న భాష ఎక్కువగా వాడుతున్నారు. మా చేతికి ఆ 12 అంకె వచ్చేనాటికి ఇవి తెలిసి ముప్పై ఏళ్ళు కావస్తోంది. అయినా మా మేడమ్ దాకా రాలేదు. ఆమెని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె చేతిలో ఉన్న కార్డులు అవే, ఆమెకి చదువుకున్నప్పుడు చెప్పింది అదే అయ్యుంటుంది.

ఇన్ని భాషలు వినడం బరువు కాదని మన ఊరి నుంచే ప్రపంచానికి ఒక ఆధారం వెళ్ళింది కదా. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారు, తోటి పరిశోధకులు 2013లో ప్రచురించిన పని అది, మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని చూశారు, అందులో 391 మంది రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషలు వచ్చినవాళ్ళు, వాళ్ళకి ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు లక్షణాలు కనబడ్డాయి, బడి ముఖం చూడనివాళ్ళలో కూడా తేడా ఉంది. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన హైదరాబాదులోనే ఇది సాధ్యమైంది. అరవై ఏళ్ళు దాటినవాళ్ళ విషయంలో ఈ నగరం ఇంత పనికొచ్చినప్పుడు రెండేళ్ళవాళ్ళ విషయంలో ఎందుకు పనికిరాదు?

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ట, త సంగతి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో ఇంగ్లీషు ఇళ్ళ పసిపిల్లలకి హిందీలోని ట, త వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెండూ వేరని పట్టుకున్నారు. వాళ్ళ అమ్మానాన్నల్లాంటి పెద్దలకి అది చాలా కష్టం. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పిల్లలకి కూడా ఆ తేడా వినబడటం మానేసింది, హిందీ వింటూ పెరిగే పిల్లలకి మాత్రం నిలబడింది. అంటే మొదటి మాట పలకక ముందే పసివాడి చెవి ఇంట్లో వినబడే భాషకి కుదురుకుంటోంది. ఆ ట, త మన తెలుగులోవి కూడా. మావాడికి ‘పాట’కీ ‘పాత’కీ తేడా నేర్పింది నేను కాదు, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఊరి ముచ్చట్లన్నీ చెప్పిన మా అత్తమ్మ. అలాంటి మనిషిని మేము పది రోజులు మూగదాన్ని చేశాం.

ఇంకొకటి, ప్రతి అమ్మకీ చెప్పాలనిపించేది. అమెరికాలో సియాటిల్‌లో పట్రీషియా కూల్ వాళ్ళు 2003లో, ఇంగ్లీషు ఇళ్ళలోని తొమ్మిది నెలల పిల్లలకి చైనీస్ వినిపించారు. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని, ఆడిస్తూ, పుస్తకం చూపిస్తూ, మొత్తం 12 సార్లు. కొందరికి అదే మనిషిని టీవీలో చూపించారు, ఇంకొందరికి గొంతు మాత్రమే. మనిషితో ఆడుకున్నవాళ్ళు చైనీస్ శబ్దాలని తైవాన్ పిల్లలంత బాగా పట్టుకున్నారు, టీవీ చూసినవాళ్ళకి ఏమీ రాలేదు. ఆ పది రోజుల్లో మేము చేసింది ఏంటో తెలుసా, ఇంగ్లీషు వినాలని ఫోన్లో రైమ్స్ పెట్టి వాడి చేతికిచ్చాం. మాట్లాడే నాయనమ్మని పక్కకి జరిపి ఫోన్ ఇచ్చాం.

మీ చదువు విలువ ఇళ్ళలో ఎంతుందో మీకు తెలియాలనే ఇదంతా రాశాను. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

నేను చదివినవాటిలో పిల్లలు ఎక్కువగా ఇంగ్లీషు పిల్లలే. 2022లో ఎవన్ కిడ్, రొవెనా గార్సియా అనే ఇద్దరు, ఈ రంగంలో ముఖ్యమైన నాలుగు పత్రికలని తిరగేసి, ఏయే భాషల పిల్లల గురించి పరిశోధనలు వచ్చాయో లెక్కపెట్టారు. ప్రపంచంలో సుమారు 7000 భాషలుంటే, ఒక్క వ్యాసమైనా వచ్చిన భాషలు 103. ఎక్కువ వ్యాసాలు ఇంగ్లీషు, ఇంకొన్ని యూరప్ భాషల మీదే. 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల పది లక్షల మందికి పైగా మాతృభాష తెలుగని రాయించుకున్నాం. ఇంతమందికి పుట్టే పిల్లలు ఏ నెలలో ఏం పలుకుతారో ఒక మామూలు తల్లికి తెలుగులో చెప్పే కాయితం నాకు దొరకలేదు. మీ గ్రంథాలయాల్లో తెలుగు పిల్లల మాటల మీద థీసిస్‌లు ఉన్నాయని తెలుసు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఢిల్లీ, పాట్నాలతో పాటు మన హైదరాబాదు ప్రాథమిక బడుల్లో కూడా పిల్లల బహుభాషల మీద పెద్ద పరిశోధన చేసిందనీ చదివాను. కానీ అది బడికి వెళ్ళే పిల్లల గురించి. మాకు టెన్షన్ మొదలయ్యేది దానికి చాలా ముందు, ఏడాదిన్నర, రెండేళ్ళ దగ్గర.

మరి ఇంగ్లీషు పిల్లల కొలతలు మనకి సరిపోవా అంటే, సరిపోవు. 1958లో జీన్ బర్కో అనే ఆవిడ పిల్లలకి ఒక వింత పిట్ట బొమ్మ చూపించి, ఇది ‘వగ్’ అని చెప్పి, ఇప్పుడు ఇవి రెండున్నాయి, రెండు ఏంటి అని అడిగింది. ఎప్పుడూ వినని ఆ మాటకి పిల్లలు టక్కున బహువచనం చేసి చెప్పారు. అంటే విన్నది చిలకపలుకుల్లా అప్పజెప్పడం లేదు, లోపల ఒక సూత్రం కట్టుకున్నారు. ఇది చదివాక నేను మావాడి బహువచనాలు వినడం మొదలుపెట్టాను. మూడేళ్ళ లోపు ‘పిల్లిలు’, ‘బల్లిలు’ అనేవాడు. తర్వాత ఒక నెలలో ‘పిల్లులు’ వచ్చింది. మనం పెద్దవాళ్ళం గమనించం గానీ, చివర ‘ఇ’ ఉన్న మాటకి ‘లు’ చేరితే ఆ ‘ఇ’ కాస్తా ‘ఉ’ అయిపోతుంది, పులి పులులు అయినట్టు. ఇడ్లీ, బస్తీ లాంటి దీర్ఘం ఉన్న మాటలకి అలా అవదు. మావాడు ఒకరోజు పొద్దున్నే ప్లేటు ముందు కూర్చుని "ఇడ్లులు కావాలి" అన్నాడు. ఆ మాట ఈ భూమ్మీద ఎవరూ వాడికి చెప్పి ఉండరు. వాడే చేసుకున్నాడు. నాకు అప్పుడు కళ్ళనీళ్ళు వచ్చాయి, తప్పు మాట్లాడినందుకు కాదు, సూత్రం పట్టుకున్నందుకు.

‘రాయిలు’, ‘చెయ్యిలు’ ఇంకా అంటూనే ఉన్నాడు. రాళ్ళు, చేతులు ఎప్పుడు వస్తాయి? నాకు తెలియదు. మీకు తెలియాలి, మీరు మాకు చెప్పాలి.

ఇంగ్లీషులో లేని చిక్కులు మన భాషలో ఎన్నున్నాయో చూడండి. అమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది, మూడిటికీ ఒకటే ‘వచ్చింది’, నాన్న ఒక్కడే ‘వచ్చాడు’. అదే పదిమంది అయ్యేసరికి అమ్మలూ నాన్నలూ కలిసి ‘వచ్చారు’ అవుతారు, పిల్లులూ బస్సులూ ‘వచ్చాయి’ దగ్గర ఉండిపోతాయి. ఒకరున్నప్పుడు ఒక గీత, ఎక్కువమందికి ఇంకో గీత. పసివాడు ఈ రెండు గీతలూ ఎవరూ చెప్పకుండా కనిపెట్టాలి. మావాడు కొన్నాళ్ళు ‘అక్కలు వచ్చాయి’ అన్నాడు, మేం నవ్వేశాం, ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఎంత లెక్క ఉందో అనిపిస్తుంది. ఇక మనం, మేము. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇది వాడాలంటే మాట వస్తే చాలదు, వింటున్నవాడు మనతో వస్తున్నాడా లేదా అని వాడి వైపు నుంచి ఆలోచించాలి. దసరాకి ఊరికి బయలుదేరుతుంటే మా వాచ్‌మన్‌తో "అంకుల్, మనం ఊరికి పోతున్నం" అన్నాడు, ఆయన నవ్వి, నన్నూ తీసుకపోతవా బాబూ అన్నాడు. సంక్రాంతికి బయలుదేరినప్పుడు "మేం పోతున్నం" అన్నాడు. ఆ రెండు పండగల మధ్య వాడి బుర్రలో ఏం జరిగింది? ఇంగ్లీషు పిల్లల్ని వందేళ్ళు చూసినా ఈ ప్రశ్నకి జవాబు రాదు, ఎందుకంటే వాళ్ళ భాషలో రెండిటికీ ఒకటే మాట.

మాటల లెక్క కూడా అంతే. కార్డుల మీద ఉండేవన్నీ వస్తువుల పేర్లు. నా క్యాలెండర్ మీదున్న వాటిలో దా, పో, ఇయ్యి, వద్దు, అయిపోయింది లాంటివి బోలెడు. చైనీస్ పిల్లల తొలి మాటల్లో క్రియలు ఎక్కువని 1990లలోనే గమనించారు. మన పిల్లలు ఎటువైపు? మనం ఇంట్లో "బంతి ఏది, బంతి తే" అంటామా, ఊరికే "తే, తే" అంటామా? క్రియ చివర పెట్టి, మిగతావి వదిలేసి మాట్లాడే మనుషులం కదా.

మీరు కొత్త దారి వెయ్యక్కర్లేదు, మీ పెద్దలు వేసిన దారి ఉంది. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖని నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయ పదాలతో. ఊళ్ళకి వెళ్ళి, రైతు నాగలిలో ఏ ముక్కని ఏ జిల్లాలో ఏమంటారో రైతునే అడిగి రాసుకున్నారు. రైతు చెప్పింది తప్పని దిద్దలేదు. తర్వాత చేనేత పదాల సంపుటం వచ్చింది, ఇంకా వేరే వృత్తులవి వచ్చాయి. రైతు దగ్గరికి, నేతగాడి దగ్గరికి వెళ్ళినట్టే ఇప్పుడు రెండేళ్ళ పిల్లల దగ్గరికి వెళ్ళండి. మెహదీపట్నం, ఉప్పల్, పాతబస్తీ, కూకట్‌పల్లి, ఏ గల్లీ అయినా సరే. నెలకి రెండుసార్లు, గంటసేపు, అమ్మో నాయనమ్మో పిల్లాడితో మామూలుగా మాట్లాడుతుంటే రికార్డు చేసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇలాంటి రికార్డులు పంచుకోవడానికి బ్రయాన్ మాక్‌విన్నీ, కాథరిన్ స్నో 1984లోనే చైల్డెస్ అనే ఉమ్మడి భండారం మొదలుపెట్టారు, అందులో ఒకరు సేకరించింది ఇంకొకరు వాడుకోవచ్చు. మన పిల్లల గొంతులు కూడా అలా పదిమందికీ పనికొచ్చేలా ఉండాలి, ఒక డిగ్రీ అవ్వగానే అలమారలోకి పోకూడదు.

ఉన్నది ఉన్నట్టు అని ఎందుకన్నానంటే, ‘నాన్న వచ్చిండు’ అని మావాడు అంటే ‘వచ్చాడు’ అనాలి కదా అని దిద్దినవాళ్ళని చూశాను. వాడు నాయనమ్మ మాట సరిగ్గా నేర్చుకున్నాడు. దాన్ని తప్పుల ఖాతాలో రాసే పరీక్ష తయారుచేస్తే ఇంగ్లీషు కార్డుల కంటే అది ఏం మెరుగు? కోస్తా నుంచి వచ్చి మియాపూర్‌లో ఉండే ఇంటి పిల్లాడూ, జనగామ నాయనమ్మ పెంచిన పిల్లాడూ, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పాపా, ముగ్గురి మాటలూ కావాలి. పిల్లల పేర్లు, ఇంటి వివరాలు తీసేయండి, రికార్డు ఎక్కడికి వెళ్తుందో తల్లికి ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పి అడగండి, వద్దంటే వదిలేయండి. ఇది మాత్రం పట్టుబట్టి అడుగుతున్నాను.

ఇంకో పక్క కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మా దుకాణానికి వచ్చే ఒక కుటుంబంలో పాప మూడేళ్ళు దాటినా మాట్లాడలేదు. వాళ్ళ నాన్నకి కూడా లేటుగానే వచ్చాయి మాటలు, వాటంతట అవే వస్తాయి అని ఇంట్లో పెద్దలు ధైర్యం చెప్పారు. నాలుగో ఏట తేలింది పాపకి వినికిడి తక్కువని. ఇప్పుడు మిషన్ పెట్టుకుని బాగానే నేర్చుకుంటోంది, కానీ ఆ నాలుగేళ్ళు ఎవరు తెచ్చిస్తారు? మావాడికి లేని జబ్బు ఉందన్నారు, ఆ పాపకి ఉన్నది లేదన్నారు. రెండిటికీ కారణం ఒకటే, తెలుగు పిల్లలకి ఏది మామూలో, ఏది కాదో చెప్పే కొలబద్ద ఎవరి చేతిలోనూ లేకపోవడం. అందుకే ఈ పని ఊరికే విజ్ఞానం కోసం కాదు, అంగన్‌వాడీ టీచర్ చేతిలో ఒక పేజీ కాయితంగా చేరేవరకూ చెయ్యాలి. ఈ నెలలకి ఇవి వస్తే మంచిది, ఇది రాకపోతే ముందు చెవులు చూపించండి, ఇంటి భాష మాత్రం ఆపకండి, ఈ మూడూ ఉంటే చాలు. తెలుగులో, ఉర్దూలో ఉండాలి. ప్లే స్కూళ్ళకీ పంపండి.

మేమేం ఇవ్వగలమో కూడా చెప్తాను. నా దగ్గర ఆ క్యాలెండర్ కాయితం ఉంది, తర్వాత రాసిన రెండు నోటు పుస్తకాలున్నాయి, తేదీలతో సహా. ఫోన్లో వాడి మాటలు చాలా ఉన్నాయి, ‘ఇడ్లులు’ కూడా ఉంది. మా బిల్డింగ్‌లో, పక్క గల్లీలో అడిగితే మూడేళ్ళ లోపు పిల్లలున్న తొమ్మిది ఇళ్ళవాళ్ళు సరే అన్నారు, ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు. ఎం.ఏ. చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చినా చాలు. డబ్బులేమీ అక్కర్లేదు, చాయ్ మేమే ఇస్తాం.

వచ్చేటప్పుడు సాయంత్రం ఏడు దాటాక రండి, అప్పుడే మావాడు ఎక్కువ మాట్లాడతాడు. ఆదివారం అయితే పొద్దున్నే రావచ్చు, మా అత్తమ్మ వాడిని ఒళ్ళో వేసుకుని ఊరి ముచ్చట్లు చెప్పేది ఆ టైంలోనే.